తెలియదని చెప్పగల ధైర్యము

ప్రతి వృత్తియందును మనుజుడు రెండు భారములను మోయుచుండును. మొదటిది పని భారము. రెండవది, ఆ పనికి తాను తగుదునా తగనా అను సందేహ భారము. మొదటిదానిని లోకము చూచును. దానికి జీతము నిచ్చును. రెండవదానిని మోయువాడు తప్ప మఱెవ్వరును చూడరు. ఈ సందేహము మితముగ నున్నప్పుడు వినయమై మేలు చేయును. మితిమీఱినప్పుడు మనుజుని నిద్రను, ఆరోగ్యమును, తుదకు అతని సత్యసంధతను గూడ హరించును. ఈ విషయమును నేటి కాలపు వృత్తి నొకదానిని ఉదాహరణముగ గైకొని విచారింతము.

1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మన తెలుగునాట సాఫ్ట్‌వేర్ ఇంజనీరు లేని బంధువర్గము అరుదైపోయినది. కుమారుడో కుమార్తెయో ఆ యుద్యోగమున చేరినప్పుడు తలిదండ్రులు సంతోషింతురు. కాని ఆ పనిలో అర్ధరాత్రి మ్రోగు ఫోనును గూర్చి గాని, అది మ్రోగినప్పుడు ఆ బిడ్డ గుండెలో కలుగు కలవరమును గూర్చి గాని వారిలో పెక్కుమందికి తెలియదు. తెలిసికొనుట మంచిది. ఏలన, ఇంటివారి యోదార్పు ఇచ్చట కొంత పనికివచ్చును.

ఆన్‌కాల్ అనగా నేమి?

బ్యాంకులు, రైలు టికెట్లు, ఆసుపత్రి చీటీలు, విద్యుత్తు బిల్లులు - ఇవన్నియు నేడు కంప్యూటర్లమీద నడచుచున్నవి. ఆ యంత్రములకు రాత్రి పగలను భేదము లేదు. వానిలో ఏదేని లోపము కలిగినప్పుడు, కనిపెట్టుకొనియుండు మఱొక ప్రోగ్రాము ఒక ఇంజనీరు ఫోనునకు హెచ్చరిక పంపును. ఆ హెచ్చరికను అందుకొను బాధ్యత జట్టులోనివారికి వంతులవారీగ వచ్చుచుండును. తఱచుగ ఒక్కొక్క వంతు ఒక వారము. ఆ వారమంతయు ఆ ఇంజనీరు భోజనము చేయుచున్నను, నిద్రించుచున్నను, పెండ్లిపందిటిలో నున్నను ల్యాప్‌టాప్‌ను చెంత నుంచుకొని, పిలుపు వచ్చిన కొలది నిమిషములలో పనికి కూర్చుండవలెను. దీనినే ఆన్‌కాల్ అందురు. పూర్వము వైద్యులవలె వీరును పేజరు ధరించెడివారు. పేజరు పోయి ఫోను వచ్చినను, ఆ పేరు మాత్రము ఈ వృత్తివారి నోట నిలిచియే యున్నది.

మన దేశమున నీ పని మఱింత కఠినమగుటకు కాలభేదము కారణము. అమెరికా పశ్చిమతీరమున ఉదయము 10 గంటలగునప్పటికి మనకు, ఋతువును బట్టి, రాత్రి 10-30 గాని 11-30 గాని అగును. అచ్చటివారు పనిలో దిగు వేళ, ఇచ్చటి ఇంజనీరు పడకకు చేరు వేళ.

పగటి పనికిని ఈ పనికిని ఒక ముఖ్యభేదము కలదు. పగలు ఇంజనీరు తనకు అప్పగింపబడిన చిన్న భాగమును చూచుకొనును. రాత్రి పిలుపు వచ్చినప్పుడో, ఎన్నో యేండ్లుగ ఎందఱో కలిసి కట్టిన కట్టడమంతయు అతని యెదుట నిలుచును. అందు ఏ గోడ బీటలు వాఱినదో అతడు కనుగొనవలెను. పెద్ద సంస్థలలో అట్టి కట్టడమును సంపూర్ణముగ ఎఱిగినవాడు ఒక్కడును ఉండడు. అనుభవజ్ఞులును భాగములనే యెఱుగుదురు. క్రొత్తవానికి ఈ సంగతి తెలియదు. అందఱును ఎఱుగుదురనియు, తానొక్కడే ఎఱుగననియు తలచును. ఇచ్చటనే రెండవ భారము పుట్టుచున్నది.

వంచకుడనను శంక

1978లో అమెరికాదేశమున పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అను ఇరువురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఒక వ్యాసమును ప్రకటించిరి. విద్యయందును వృత్తియందును రాణించిన 150 మందికి పైబడిన స్త్రీలను వారు పరిశీలించిరి. పట్టములు, పదవులు, పెద్దల ప్రశంసలు ఎన్ని యున్నను ఆ స్త్రీలలో ఒక రహస్యభయము కనబడెను. తాము నిజముగ తెలివిగలవారము కామనియు, అదృష్టముచేతనో ఎంపిక చేసినవారి పొరపాటుచేతనో ఈ స్థానమునకు వచ్చితిమనియు, ఎన్నడో ఒకనాడు ఆ సంగతి బట్టబయలగుననియు వారు లోలోపల కుములుచుండిరి. ఈ భావమునకు ఆ రచయిత్రులు ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టిరి. వ్యవహారములో నిది ఇంపోస్టర్ సిండ్రోమ్ అను పేరున ప్రచారమైనది. పురుషులలో గూడ ఇది కలదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఇది వ్యాధుల పట్టికలో చేరినది కాదు; మనస్సునకు పట్టు ఒక అలవాటు మాత్రమే.

ఈ శంకకు ఒక చక్రగతి కలదు. భయముచేత మనుజుడు మితిమీఱి శ్రమించును. ఆ శ్రమచేత పని నెఱవేఱును. నెఱవేఱిన పిదప, 'ఇంత శ్రమపడితిని గనుక గట్టెక్కితిని. నిజమైన తెలివిగలవానికి ఇంత శ్రమ యేల?' అని తలచును. విజయము ఈ విధముగ శంకను తీర్చుటకు మాఱుగ దానికి మేత యగును. కావున 'నీవు చాల గొప్పవాడవు' అని పొగడినంత మాత్రమున ఇది పోదు. పొగడినవారు గూడ మోసపోయిరని అతడు మఱొక లెక్క వ్రాసికొనును.

మన తెలుగు యువతీయువకులలో ఈ శంకకు మఱికొన్ని ఊతలు దొరకుచున్నవి. తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవారు కొందఱు. తమ వంశమున మొదటి పట్టభద్రులు మఱికొందఱు. విదేశములలోని సహోద్యోగులు ఆంగ్లమున ధారాళముగ మాటలాడుచుండగా, వారి మాటల వేగమును వారి జ్ఞానముగ ఎంచి, తమ మౌనమును అజ్ఞానముగ ఎంచుకొందురు. భాష యందలి జంకు వేఱు. పని యందలి నేర్పు వేఱు. ఈ రెండింటిని కలిపి చూచుట వలన కలుగు దుఃఖము అనవసర దుఃఖము.

ఈ రెండును కలిసినప్పుడు

ఒక సందర్భమును ఊహింతము. ఉద్యోగమున చేరి ఆఱు నెలలైన యువతి యొకతె తన మొదటి ఆన్‌కాల్ వారములో నున్నది. రాత్రి 2-30కి ఫోను మ్రోగినది. చెల్లింపులు జరుగు సర్వీసులో లోపము. లేచి కూర్చుండి లాగ్‌లు చదివినది. పది నిమిషములైనను కారణము బోధపడలేదు. రెండవ వంతున మేల్కొనవలసిన సీనియరు ఒకరు కలరు. వారిని పిలుచుటకే ఆ యేర్పాటు. ఆమె వ్రేలు ఆ పేరువద్దకు పోయి నిలిచినది. 'ఇంత చిన్న సంగతికి నిద్ర లేపినచో ఏమనుకొందురు? ఆఱు నెలలనుండి నేర్చినది ఇంతేనా యని యనరా? ఇంకొక పది నిమిషములు చూచెదను' అని తలచినది. పది నిమిషములు నలువది యైనవి.

ఆ నలువది నిమిషములలో ఎచ్చటనో ఆసుపత్రి కిటికీవద్ద ఒకడు అడ్వాన్సు చెల్లింపక నిలిచిపోయి యుండవచ్చును. మఱొక యూరిలో రైలు టికెట్టునకు చెల్లించిన సొమ్ము మధ్యలో చిక్కుకొని యుండవచ్చును. ఆమెకు పని రాకపోవుట ఈ నష్టమునకు కారణము కాదు. పని రాదని తెలియునేమో యను వెఱపు కారణము. తన్ను గూర్చిన తలపు అంత పెద్దదై, సేవింపవలసినవారిని కప్పివేసినది. సందేహము వినయమువలె కనబడినను, ఈ చోట అది అహంకారమునకు మఱొక ముఖము. గర్వించువాడు తన గొప్పను తలచుచుండును. కుంగువాడు తన కొఱతను తలచుచుండును. ఇరువురును తలచునది తమ్మునే. ఈ మాట ఆమెను నిందించుటకు చెప్పినది కాదు. చిక్కు ఎచ్చట నున్నదో తెలిసినగాని ముడి విప్పుట సాధ్యము కాదు.

వంచకుడెవడు?

ఇక ఆ శంకను ఎదుట నిలిపి ప్రశ్నింతము. వంచకుడెవడు? తెలియనివాడా? కాడు. తెలియనివాడు విద్యార్థి. తెలియనిదానిని తెలిసినట్లు నటించి, ఎదుటివాని నమ్మకమును దుర్వినియోగము చేయువాడు వంచకుడు. వంచనకు ప్రాణము మఱుగుపఱచుట. మఱుగు తొలగినచోట వంచన నిలువజాలదు. కావున 'ఇంతవరకు నాకు తెలిసినది, ఇటుపైని తెలియదు' అని పలుకువాడు ఆ క్షణముననే వంచకుడగు అవకాశమును పోగొట్టుకొనుచున్నాడు. అతనిని బట్టబయలు చేయువారెవరు? అతడే బయలుపఱచియున్నాడు గదా!

దీనిని బట్టి చూడ, ఈ శంకకు మందు ఆత్మస్తుతి కాదని తేలుచున్నది. సత్యభాషణమే దానికి మందు. 'నేను సమర్థుడను' అని నూఱుమాఱులు జపించినను లోనున్న మనస్సు ఒప్పుకొనదు. 'ఇది నాకు తెలియదు' అను నొక్కమాటను సకాలమున పలికినచో, దాచవలసినది ఏదియు మిగులదు గనుక మనస్సు తేలికపడును.

ఇచ్చట రెండు వాక్యములను వేఱుచేసికొనవలెను. 'నాకిది తెలియదు' అనునది ఒక వస్తువును గూర్చిన మాట. అభ్యాసముచేత దానిని మార్చవచ్చును. 'నేను తగను' అనునది మనుజునిమీద తీర్పు. దానికి అభ్యాసము లేదు, అంతము లేదు. మొదటిదానిని పలుక వెఱచుటచేతనే రెండవది మనస్సులో పెరుగును.

ఒక హెచ్చరిక, ఒక జాబితా

1969 జులైలో చంద్రునిమీద అపోలో 11 నౌక దిగుటకు కొలది దినములకు ముందు, హ్యూస్టన్ నగరములోని నియంత్రణ కేంద్రమున ఒక కృత్రిమ పరీక్ష జరిగినది. నౌకలోని కంప్యూటరు ఒక అలారము నిచ్చినట్లు కల్పించిరి. మార్గదర్శక విభాగమునకు బాధ్యుడైన స్టీవ్ బేల్స్, దాని యర్థము తెలియక, దిగుటను విరమింపుమని చెప్పెను. విరమింపనక్కఱ లేదని పిదప పరీక్షకులు తేల్చిరి. అప్పుడు నాయకుడైన జీన్ క్రాన్జ్, ఇట్టి అలారములన్నిటిని గూర్చి ముందే విచారించి నియమములు సిద్ధపఱుపుమని యాదేశించెను. జాక్ గార్మన్ అను యువకుడు ఒక్కొక్క అలారమునకు ఏమి చేయవలెనో చేతితో జాబితా వ్రాసి తన బల్లపై నుంచుకొనెను.

జులై 20న నిజముగ దిగుచుండగా 1202 అను అలారము మ్రోగినది. బేల్స్‌కు అప్పుడు 26 ఏండ్లు. వెనుక గదినుండి అతనికి తోడ్పడుచున్న గార్మన్‌కు 24 ఏండ్లు. కంప్యూటరునకు పని యధికమై, ముఖ్యము కానివానిని వదలి, దిగుటకు కావలసిన పనులను మాత్రము జరుపుచుండెను. అలారము ఎడతెగక మ్రోగకున్నచో సాగిపోవచ్చునని జాబితా తెలిపినది. గార్మన్ ఆ మాట చెప్పెను, బేల్స్ సాగుమనెను, నౌక దిగినది.

ఆ యువకులు సర్వజ్ఞులై కూర్చుండలేదు. ముందటి పరీక్షలో తెలియనిది బయటపడుట వలననే జాబితా పుట్టినది. బయటపడకుండ దాచియుంచినచో ఆ దినమున వారికి ఏ యాధారమును ఉండెడిది కాదు. అట్టి జాబితానే నేటి ఇంజనీరులు రన్‌బుక్ అందురు. ఎవరో ఒకరు ఒకనాడు తెలియక తికమకపడి, తరువాతివానికి ఆ బాధ లేకుండ వ్రాసియుంచిన వాక్యములే అందలి ప్రతి పుటయు.

తప్పు ఎచ్చట నున్నది?

క్రొత్తవానిని పీడించు మఱొక భయము, 'నా చేతిలో అంతయు కూలిపోవునేమో' యనునది. కూలిన సందర్భములు లేకపోలేదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ సంస్థలో ఒక ఇంజనీరు కొన్ని సర్వర్లను తొలగింప నొక ఆజ్ఞ నిచ్చుచు అందొక అంశమును తప్పుగ టైపుచేసెను. ఉద్దేశించినవానికంటె ఎక్కువ సర్వర్లు తొలగిపోయి, ఆ సంస్థ నిల్వసేవపై ఆధారపడిన అనేక వెబ్‌సైట్లు సుమారు 4 గంటలు స్తంభించినవి. సంస్థ ప్రకటించిన వివరణములో ఆ ఇంజనీరు పేరు లేదు. ఉన్నదేమనగా, అంత ఎక్కువ సర్వర్లను అంత త్వరగ తొలగింపనిచ్చుట ఆ సాధనములోని లోపమని గుర్తించి, ఇకమీద నెమ్మదిగ మాత్రమే తొలగించునట్లును, కనీస సంఖ్యకు తగ్గనీయకుండునట్లును దానిని మార్చిరని.

అదే సంవత్సరము జనవరి 31న గిట్‌లాబ్ సంస్థలో రాత్రి ప్రొద్దుపోవువఱకు పనిచేయుచున్న ఇంజనీరొకడు, ఒక సర్వరు అనుకొని మఱొక సర్వరులోని డేటాబేస్‌ను చెఱిపెను. ఒకటి రెండు సెకండ్లలోనే గ్రహించి ఆపెను గాని, సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలినవి. బ్యాకప్‌లు చూడబోగా, అవి పనిచేయుటలేదని అప్పుడు తెలిసెను. వానిని పరీక్షించు బాధ్యత ఎవరికిని అప్పగింపబడి యుండలేదు. ఆఱు గంటలకు ముందు ఆ ఇంజనీరే వేఱొక పనికై తీసియుంచిన నకలు దొరకుటచేత చాలవఱకు రక్షింపబడెను. ఆ యాఱు గంటల సమాచారము మాత్రము పోయెను. సంస్థ జరిగినది జరిగినట్లు లోకమునకు తెలియజేసెను.

ఈ రెండు వృత్తాంతములవలన తెలియున దేమనగా, ఒక్క చేతి పొరపాటు అంత నష్టమును కలిగించినదనిన, ఆ చేతికిని నష్టమునకును నడుమ ఉండవలసిన అడ్డుగోడలు లేవని యర్థము. ఇది పొరపాటు చేసినవాని బాధ్యతను తుడిచివేయదు. జరిగినది దాచక చెప్పుట అతని బాధ్యత. దోషారోపణ లేని పోస్ట్‌మార్టెమ్ అని యీ వృత్తిలో నొక మంచి యాచారము కలదు. 'ఎవరు చేసిరి?' అను ప్రశ్నను విడిచి, 'ఏ పరిస్థితులు దీనిని సాధ్యము చేసినవి?' అని విచారించుట దాని సారము. శిక్షాభయమున్నచోట జనులు నిజమును దాతురు. నిజము దాగినచోట తప్పు మరల జరుగును.

ఆచరణ

ఇక క్రొత్త ఇంజనీరు ఆచరింపదగిన కొన్ని నియమములను చెప్పుదుము.

మొదటిది: వంతు రాకముందే సిద్ధపడుట. అనుభవజ్ఞుని వంతులో ఒకటి రెండు వారములు ప్రక్కన కూర్చుండి చూడవలెను. గడచిన మూడు నాలుగు నెలల హెచ్చరికలను చదివినచో, మరల మరల వచ్చునవి కొన్నియే యని తెలియును. ల్యాప్‌టాప్, పాస్‌వర్డు, అనుమతులు పనిచేయుచున్నవో లేదో పగలే పరీక్షించుకొనవలెను.

రెండవది: మేల్కొనిన వెంటనే పెద్ద నిర్ణయములు చేయకుండుట. గాఢనిద్రనుండి లేచిన తరువాత 15 నుండి 30 నిమిషముల దాక బుద్ధి మందముగ నుండును. అది శరీరధర్మము, తెలివితక్కువతనము కాదు. ముఖము కడుగుకొని, దీపము వెలిగించి, హెచ్చరికను రెండుమాఱులు చదివి, రన్‌బుక్‌ను తెఱువవలెను. తిరిగి తీసికొనరాని ఆజ్ఞను ఒంటరిగ ఇవ్వరాదు.

మూడవది: కారణమును వెదకుటకు ముందు బాధను తగ్గించుట. ఇల్లు కాలుచుండగా నిప్పు ఎట్లు పుట్టెనో విచారింపము. క్రొత్తగ చేసిన మార్పువలన లోపము కలిగినట్లు తోచినచో, దానిని రోల్‌బ్యాక్ చేసి, మిగిలిన విచారణను పగటికి విడువవచ్చును.

నాలుగవది: గడువు ముందే నిర్ణయించుకొనుట. 'పదునైదు నిమిషములలో దారి తోచకున్న సెకండరీని పిలిచెదను' అని వంతు మొదటి దినముననే వ్రాసికొనవలెను. గడువు వచ్చినప్పుడు 'పిలువనా, మాననా' అని మనస్సుతో వాదింపరాదు. గడియారము చెప్పినట్లు చేయవలెను. పిలుచుట ఓటమి కాదు, ఆ యుద్యోగములోని యొక విధి.

ఐదవది: చూచినది చూచినట్లు వ్రాయుట. 'ఇది చూచితిని. ఇది చేసితిని. ఇది నాకు తెలియదు' అను మూడు చిన్న వాక్యములు జట్టు చాట్‌లో వ్రాసినచో చాలును. ఆంగ్లమున మాటలాడ జంకువారికి ఈ పద్ధతి మిక్కిలి యుపకరించును. చిన్న వాక్యములకు వ్యాకరణభయము లేదు.

ఆఱవది: ఉదయమున రన్‌బుక్‌లో ఒక్క వాక్యమైనను చేర్చుట. రాత్రి తనకు తెలియనిది రేపటివానికి తెలిసినదగును. తెలియనితనము కూడ ఈ విధముగ సేవగ మాఱును.

ఏడవది: ఈ శంకను మఱొకరితో చెప్పుట. క్లాన్స్, ఐమ్స్ తమ వ్యాసములోనే, ఒకరు తమ రహస్యభయమును చెప్పినప్పుడు తక్కినవారును తమదానిని చెప్పుకొని ఊఱట చెందుదురని గుర్తించిరి.

తనది కాని భారము

ఇంతవఱకు చెప్పినది వ్యక్తి చేయవలసిన సాధనము. కాని అన్ని బాధలును మనస్సులోనుండి పుట్టినవి కావు. 2016లో గూగుల్ సంస్థ ఇంజనీరులు తమ పద్ధతులను గూర్చి ప్రకటించిన గ్రంథములో, ఒక్కచోటనుండి పనిచేయు జట్టునకు కనీసము 8 మంది ఉండవలెననియు, ఒక ఇంజనీరు కాలములో నాలుగవవంతునకు మించి ఆన్‌కాల్‌కు పోరాదనియు, 12 గంటల వంతులో రెండు సంఘటనలకు మించరాదనియు వ్రాసిరి. అన్ని సంస్థలకు ఈ లెక్క సరిపడకపోవచ్చును. అయినను ముగ్గురే మోయుచున్న వంతులో, రాత్రికి నాలుగు పిలుపులతో అలసిపోవువాడు 'నేను బలహీనుడను' అని తలచుట పొరపాటు. ఆ లెక్కను కాగితముమీద వ్రాసి పైయధికారి యెదుట నుంచుట అతని ధర్మము. ఏ రాత్రి ఎన్ని పిలుపులు వచ్చెనో, అందు ఎన్ని యనవసరమైనవో వ్రాసిన పట్టిక, పది ఫిర్యాదులకంటె బలమైనది.

వంతు ముగిసిన తరువాతను నిద్ర పట్టకున్నను, ఫోను మ్రోగకయే మ్రోగినట్లు తోచుచున్నను, జీవితముపై విసుగు కలుగుచున్నను వైద్యుని చూడవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్ సేవను 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఉచితముగ పొందవచ్చును, తెలుగులోను మాటలాడవచ్చును. ఇంటివారును 'ఇంత జీతము వచ్చుచుండగా బాధ యేమి?' అని యనక, రాత్రి మేల్కొనిన బిడ్డను ఉదయము కొంతసేపు నిద్రపోనిచ్చినను చాలు.

ఈ వృత్తిలో క్రొత్తగ అడుగిడిన యువతీయువకులారా! మీకు అన్నియు తెలియునని మిమ్ము ఆ స్థానమున కూర్చుండబెట్టలేదు. హెచ్చరిక వచ్చినప్పుడు లేచి, నిజము చూచి, నిజము చెప్పి, అవసరమైనవారిని సకాలమున పిలుతురని నమ్మి కూర్చుండబెట్టిరి. ఆ నమ్మకమును నిలుపుకొనుట నేడే మీ చేతిలో నున్నది. దానికి ఇరువది యేండ్ల యనుభవము అక్కఱలేదు. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట మీరే సెకండరీ స్థానమున నుందురు. ఒకనాటి రాత్రి మూడు గంటలకు ఒక వణకు కంఠము, తనకు బోధపడలేదని మీకు ఫోనులో చెప్పును. అప్పుడు విసుగు పడక, 'పిలిచి మంచిపని చేసితివి. ఇరువురము కలిసి చూతము' అని పలుకుడు. ఆ యొక్క మాటవలన మఱొక బిడ్డ దాచుకొనవలసిన భయము లేకుండ పనిలో ఎదుగును.